ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీష్ రానట్టేనా?

అమెరికాలో మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) లెక్కల్లో ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అంటే అంతమందికీ ఇంగ్లీష్ రాదనా అని అడిగారు. కాదండీ, అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండేళ్ల కిందట ఆ లెక్కలు తీసే సర్వే ఫారం మా ఇంటికే వచ్చింది, నింపింది నేనే.

దాన్ని అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంటారు. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపుతారు, కాబట్టి అందరికీ రాదు. అయిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి గురించీ ముందు, ఇంట్లో ఇంగ్లీష్ కాక వేరే భాష మాట్లాడతారా అని అడుగుతారు. అవునంటే ఏ భాషో రాయాలి. ఆ తర్వాతే ఇంగ్లీష్ సంగతి. దానికి నాలుగే జవాబులు: చాలా బాగా, బాగా, అంత బాగా కాదు, అసలు రాదు. పరీక్షా గిరీక్షా ఏమీ లేదు, మనం ఏది టిక్ పెడితే అదే లెక్క.

తమాషా అంతా అక్కడే. అప్పుడు అమ్మానాన్నా ఆరు నెలలకని వచ్చి మా దగ్గరే ఉన్నారు, రెండు నెలలకి మించి ఉండేవాళ్లని కూడా రాయాలి కాబట్టి వాళ్లనీ రాశాను. అమ్మకి 'అంత బాగా కాదు' అని పెట్టాను, అందులో గొడవేం లేదు. నాన్న ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పిన మనిషి, నా ఈమెయిళ్లలో ఇప్పటికీ తప్పులు పడతారు, ఆయనకి 'చాలా బాగా' అని పెట్టబోతే ఒప్పుకోలేదు. "ఇక్కడివాళ్ల యాస సగం అర్థం కావట్లేదమ్మా, 'బాగా' చాల్లే" అన్నారు. సరే అని అదే పెట్టాను. తర్వాత తెలిసిందేంటంటే, 'చాలా బాగా' కి ఒక్క మెట్టు తగ్గినా ఇంగ్లీష్ పరిమితంగా వచ్చినవాళ్ల లెక్కలోకి వెళ్లిపోతారు. అదే వాళ్లిద్దరూ విడిగా ఒక ఇంట్లో ఉండి ఉంటే, పద్నాలుగేళ్లు నిండినవాళ్లలో ఒక్కరికీ 'చాలా బాగా' లేదు కాబట్టి ఆ ఇల్లు మొత్తం ఇంగ్లీష్ పరిమితంగా వచ్చిన ఇల్లు అయ్యేది, రిటైరైన ఇంగ్లీష్ మాస్టారు అందులో ఉండగానే!

మావాడిది ఇంకో తలనొప్పి. ఏడేళ్లు, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీష్‌లోనే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడా? రోజుకెంతసేపు అని ఫారం అడగదు. నేను అవునన్నాను (కొంచెం ఆశతో).

ఈ అంకెలు ఊరికే పోవు, ఎక్కడెక్కడ వేరే భాషలో బ్యాలెట్ పేపర్లు ఇవ్వాలన్నది కూడా వీటి ఆధారంగానే తేలుస్తారు, అక్కడ మాత్రం ఓటు వయసున్న పౌరులనే చూస్తారు.

అందుకని మీ కౌంటీ పట్టికలో మొదటి అంకె దగ్గర ఆగిపోకండి, పక్కనే 'చాలా బాగా కంటే తక్కువ' అన్న వరస ఉంటుంది, మీరు అడిగినదానికి దగ్గరగా ఉండేది అదే. చిన్న ఊరైతే అయిదేళ్ల సర్వేలు కలిపిన లెక్కే తీసుకోండి, దాని పక్కన ఇచ్చిన ప్లస్ ఆర్ మైనస్ (అంకె అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో చెప్పేది) కూడా చూడండి, ఒక్కోసారి అది అసలు అంకె అంత ఉంటుంది.