సైమండ్స్‌ను ఉప్పల్ స్టేడియంలో చూసినవాడిగా చెబుతున్నాను

"ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ ఆండ్రూ సైమండ్స్ నిజంగా గొప్ప ఆటగాడేనా, లేక గొడవల వల్లే గుర్తున్నాడా?" అని అడిగారు.

గొప్ప ఆటగాడే. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. అతని పేరు ఎత్తగానే మనవాళ్లకు 2008 సిడ్నీ టెస్టు, అందులో హర్భజన్ అతన్ని కోతి అన్నాడన్న గొడవ తప్ప ఇంకేమీ గుర్తుకు రాకపోవడమే నా బాధ. ఆ టెస్టులో 30 పరుగుల దగ్గర బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడినా అంపైర్ ఔట్ ఇవ్వలేదు. అతను 162 నాటౌట్ దాకా వెళ్లాడు. మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న అందరికీ ఒళ్లు మండింది, నాకూ మండింది. కానీ అంతకు ముందు 2007 అక్టోబర్‌లో వడోదరలో, ముంబైలో మన ప్రేక్షకులే అతన్ని చూసి కోతి చేష్టలు చేశారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నాకైతే అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అలాంటి మనిషిని సిడ్నీ టెస్టు అయి రెండు నెలలు తిరక్కుండానే ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ వాళ్లు 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ వేలంలో ధోనీ తర్వాత అంత ధర పలికింది ఇతనికే. "వాణ్ణి మన ఊరికి తెస్తారా!" అని మా బాబాయ్ రెండు రోజులు పేపర్ కూడా ముట్టుకోలేదు. అయినా 2008 ఏప్రిల్ 24న రాజస్థాన్ రాయల్స్‌తో మ్యాచ్‌కి నన్ను ఉప్పల్ తీసుకెళ్లింది ఆయనే.

ఆ రాత్రి సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. టీవీలో చూస్తే సిక్స్ అంటే బంతి గాల్లో లేవడమే. స్టేడియంలో అలా ఉండదు. ముందు బ్యాట్ చప్పుడు, దుంగ మీద గొడ్డలి పడినట్టు. ఆ తర్వాత అర సెకను ఎవరూ నోరు మెదపరు. అప్పుడు మన వైపే వస్తోందని తెలుస్తుంది. పెదవులకు తెల్లటి క్రీమ్ రాసుకుని, బ్యాట్‌ను కర్రపుల్లలా తిప్పుతూ నిలబడ్డాడు. స్కోరు 214కి చేరేసరికి బాబాయ్ కుర్చీ మీదికెక్కి అరుస్తున్నారు. "బాబాయ్, దిగండి, వెనకాలవాళ్లకి కనపడట్లేదు" అంటే, "కూర్చోరా, ఇలాంటిది మళ్లీ చూస్తామా?" అన్నారు.

ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. గ్రేమ్ స్మిత్ 71, యూసుఫ్ పఠాన్ 28 బంతుల్లోనే 61 కొట్టి దగ్గరికి లాక్కొచ్చారు. చివరి ఓవర్‌లో 17 కావాలి. ఆ ఓవర్ వేసింది కూడా సైమండ్సే. ఎదురుగా రాజస్థాన్ కెప్టెన్ షేన్ వార్న్. ఒక ఫోర్, రెండు సిక్సులు కొట్టి, ఒక బంతి మిగిలి ఉండగానే ముగించేశాడు. అంత జనంలో ఒక్కసారిగా నిశ్శబ్దం. సెంచరీ కొట్టినవాడి చేతికే చివరి ఓవర్ ఎందుకిచ్చారని చాలామంది తిట్టారు. నా లెక్కలో ఆల్‌రౌండర్ అంటేనే అది. ఉదయం నుంచి రాత్రి దాకా పొలంలో ఉండే మనిషికే ఇంకో పని కూడా చెబుతాం కదా, అలాగ.

ఇప్పుడు ఐపీఎల్‌లో మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ణి మార్చుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ తెచ్చి ఆ అవకాశం కూడా లేకుండా చేశారు. బ్యాటింగ్‌కి ఒకడు, బౌలింగ్‌కి ఇంకొకడు. ఈ రూల్ ఆల్‌రౌండర్ జాతినే చంపేస్తుందని నా గట్టి నమ్మకం.

సైమండ్స్ అయితే ఒక్కడే ముగ్గురి పని చేసేవాడు. పిచ్‌ని బట్టి మీడియం పేస్ వేసేవాడు, లేదంటే ఆఫ్‌స్పిన్ వేసేవాడు. ఇక ఫీల్డింగ్. ఆ రోజు మా స్టాండ్ ముందు బంతిని ఒంటిచేత్తో తీసి, ఆగకుండానే విసిరాడు. అది నేలకు సమాంతరంగా వెళ్లి నేరుగా కీపర్ చేతుల్లో పడింది. రెండో పరుగుకు బయల్దేరిన బ్యాట్స్‌మన్ సగంలోనే వెనక్కి తిరిగాడు. ఆ ఆపిన పరుగు ఏ స్కోర్‌కార్డులో కనిపిస్తుంది?

ఇక అసలు అన్యాయం సెలెక్టర్లది. 1995లోనే ఇంగ్లండ్ కౌంటీలో గ్లోస్టర్‌షైర్ తరఫున ఒకే ఇన్నింగ్స్‌లో 16 సిక్సులు కొట్టిన కుర్రాడు అతను. పుట్టింది బర్మింగ్‌హామ్‌లో, ఇంగ్లండ్ ఎ జట్టుకు పిలిస్తే వద్దని ఆస్ట్రేలియానే ఎంచుకున్నాడు. 1998లో వన్డేల్లోకి తెచ్చి, టెస్టు మాత్రం 2004 దాకా ఆడించలేదు. 2003 ప్రపంచకప్‌కి కూడా కెప్టెన్ పాంటింగ్ పట్టుబట్టబట్టే తీసుకున్నారు. జొహన్నెస్‌బర్గ్‌లో పాకిస్తాన్ మీద 86కి 4 వికెట్లు పడ్డాక 143 నాటౌట్ కొట్టాడు. సెమీఫైనల్‌లో శ్రీలంక మీద, బంతి బ్యాట్ మీదికి రాని పిచ్‌పై 91 నాటౌట్. అదే లేకపోతే ఆ కప్పు ఆస్ట్రేలియాకు వచ్చేది కాదు. మొత్తం 198 వన్డేల్లో 5,088 పరుగులు, 133 వికెట్లు. టెస్టులు 26 మాత్రమే, అయినా సగటు 40 దాటింది. 2000లోనే టెస్టుల్లోకి తీసుకుని ఉంటే కనీసం 70 ఆడేవాడు, రాసిపెట్టుకోండి.

టీమ్ మీటింగ్ వదిలేసి చేపలు పట్టడానికి వెళ్లాడు, తాగాడు, 2009 టీ20 ప్రపంచకప్ మొదలవ్వకముందే ఇంటికి పంపేశారు. నిజమే, కాదనను. కానీ దానికి సరిగ్గా కొన్ని రోజుల ముందు, మే 24న, ఐపీఎల్ ఫైనల్‌లో మనకు 33 పరుగులు చేసి, ఒకే ఓవర్‌లో రాస్ టేలర్‌నీ కోహ్లీనీ వెనక్కి పంపింది అతనే. ముందు ఏడాది ఆఖరి స్థానంలో ఉన్న హైదరాబాద్ జట్టు ఆరు పరుగులతో కప్పు గెలిచింది.

2022 మార్చిలో వార్న్ పోయాడు. మే 14 రాత్రి టౌన్స్‌విల్ దగ్గర కారు ప్రమాదంలో సైమండ్స్ పోయాడు, 46 ఏళ్లకే. ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశారు. "ఆ ఓవర్ వేసినవాడూ లేడు, కొట్టినవాడూ లేడురా" అన్నారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "టికెట్ ముక్క నీ దగ్గరుందా?" అని అడిగారు. ఉంది. ఇప్పటికీ బీరువాలో, నా టెన్త్ సర్టిఫికెట్ కవర్‌లోనే ఉంది.