350 ఇంజన్ ఉన్న 1970 షెవెల్‌కు 3000 స్టాల్ టార్క్ కన్వర్టర్ సరిపోతుందా?

నమస్కారం. మీ 1970 షెవర్లే షెవెల్ కారులో 350 (ఘనపు అంగుళాల) ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనుక ఇరుసులో 3.08 నిష్పత్తి గేర్లు ఉన్నాయని, పెద్ద క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులను తెరిచే కడ్డీ) వేయించినప్పటి నుంచి సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో ఉండగా ఇంజన్ ఆగిపోతోందని, అందుకే 3000 స్టాల్ కన్వర్టర్ కొనాలనుకుంటున్నట్లు రాశారు. టార్క్ కన్వర్టర్ అంటే ఇంజన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే భాగం; బండి కదలకుండా పట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర నిలుస్తుందో అదే దాని స్టాల్. కన్వర్టర్ మార్చడం సరైన ఆలోచనే గానీ, రోడ్డు మీద తిరిగే ఈ బండికి 3000 ఎక్కువ. 2200, 2400 మధ్యలో ఉన్నది చాలునని నా అభిప్రాయం.

డబ్బా మీద వేసే స్టాల్ అంకె కన్వర్టర్ ఒక్కదానిదే కాదు, దాని ముందున్న ఇంజన్‌ది కూడా. కన్వర్టర్ తీసుకునే టార్క్ దాదాపుగా దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఇంజన్ టార్క్ ఎక్కువైతే స్టాల్ కూడా పైకి జరుగుతుంది. నా 1969 కమారోలోనూ 350 ఇంజనే ఉంది. అందులో 2400 దగ్గర నిలిచిన కన్వర్టర్‌ను ఒక మిత్రుడు కొన్నాళ్లు తన 454 బిగ్ బ్లాక్ (ఇంకా పెద్ద ఇంజన్) వెనుక వాడితే దాదాపు 2900 చూపింది. కాబట్టి క్యామ్ డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి, 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర కొలిచినది), కంప్రెషన్, ఐడిల్‌లో (బండి నిలిచి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) వాక్యూమ్, బండి బరువు, వెనుక గేర్లు, టైరు ఎత్తు, ఇవన్నీ కాగితం మీద రాసుకుని కన్వర్టర్ తయారుచేసేవారికి ఇవ్వండి. ఇవేమీ అడగకుండా "ఎన్ని వేలది కావాలి?" అని మాత్రమే అడిగే దుకాణంలో నేనైతే కొనను.

ఇక లెక్క చూడండి. గంటకు మైళ్లను వెనుక గేర్ నిష్పత్తితోనూ 336తోనూ గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే ఇంజన్ ఆర్‌పీఎం వస్తుంది. 26 అంగుళాల టైర్లతో, 65 మైళ్ల వేగంలో మీ ఇంజన్ తిరిగేది సుమారు 2590 మాత్రమే, అంటే 3000 స్టాల్ కన్నా తక్కువ. యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినప్పుడు టార్క్ తక్కువ కాబట్టి 3000 కన్వర్టర్ కూడా మరీ ఎక్కువగా జారదు, నిజమే. కానీ ఎత్తు ఎక్కేటప్పుడో, ఎదురుగాలిలోనో కాస్త గట్టిగా తొక్కగానే జారుడు మొదలవుతుంది. ఆనాటి టర్బో 350లో లాకప్ క్లచ్ (జారకుండా కన్వర్టర్‌ను బిగించి పట్టేది) లేదు గనుక ఆ జారుడంతా వేడిగా మారి ఫ్లూయిడ్‌లోకే చేరుతుంది. అదే 3.73 గేర్లు ఉంటే 65 మైళ్లకే 3130 దాటేది, అప్పుడు 3000 గురించి ఆలోచించవచ్చు. ఏది వేసినా రేడియేటర్ ముందు విడిగా ఒక ట్రాన్స్‌మిషన్ కూలర్ పెట్టించండి; టెక్సస్ ఎండల్లో నేను అది లేకుండా బండి తీయను.

డబ్బు పెట్టే ముందు ఇగ్నిషన్ టైమింగ్, కార్బురేటర్ ఐడిల్ సరిచూసుకోండి. పెద్ద క్యామ్‌కు మొదటి అడ్వాన్స్ (ఐడిల్‌లో స్పార్క్ ఎంత ముందుగా రావాలన్నది) కొంచెం పెంచితేనే ఇంజన్ ఆగిపోవడం చాలావరకు తగ్గవచ్చు. వాక్యూమ్ పడిపోతే వాక్యూమ్‌ను బట్టి గేర్లు మార్పించే ఈ గేర్‌బాక్స్ మాడ్యులేటర్ కూడా తికమకపడి గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారుస్తుంది. ఆ నేరం కన్వర్టర్ మీద వేయకండి. పాత కన్వర్టర్ నిజంగా చెడిందా అన్నదీ చూడాలి. లోపల ఫ్లూయిడ్‌ను మళ్లించే స్టేటర్‌ను ఒకవైపే తిరగనిచ్చే వన్‌వే క్లచ్ పట్టు వదిలేస్తే బండి బయలుదేరేటప్పుడు నీరసంగా ఉండి, వేగం అందుకున్నాక మామూలుగా నడుస్తుంది. అది బిగుసుకుపోతే బయలుదేరడం బాగానే ఉండి, పై వేగంలో కదలక వేడెక్కుతుంది.

కొనేటప్పుడు టర్బో 350 ఇన్‌పుట్ షాఫ్ట్‌కు 30 స్ప్లైన్లు (గాడి పళ్లు), మరో గేర్‌బాక్స్ టర్బో 400కి 24 అన్నది గుర్తుంచుకోండి, ఒకదానిది మరొకదానికి పట్టదు. ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనుక కన్వర్టర్‌ను బిగించే పలక) బోల్టుల వలయం 10.75 అంగుళాలా, 11.5 అంగుళాలా అన్నది కూడా కొలవండి.

బిగించేటప్పుడు కన్వర్టర్‌లో ముందే సుమారు ఒక క్వార్ట్ ఫ్లూయిడ్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ సపోర్ట్, పంపు ఒక్కొక్కటీ పట్టుకున్నప్పుడు అది టక్కున లోపలికి దిగడం చేతికే తెలుస్తుంది. మూడోసారి దిగకుండా గేర్‌బాక్స్ బోల్టులు బిగిస్తే పంపు పగిలిపోతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు ఆనించాక కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కూ దానికీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ కనబడకపోతే బోల్టులు విప్పి, మళ్లీ మొదటినుంచి దింపండి.