782 దగ్గర కాస్త ఆగు

చిరంజీవి చిట్టికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీకు మాస్ స్పెక్ట్రోమీటర్ మీద, అంటే అణువుల బరువు తూచే మెషిన్ మీద, లిపిడ్లను (కొవ్వు అణువులను) గుర్తించే పని అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడకు. ఎలాగూ అడుగుతావని ముందే రాస్తున్నాను.

మొదటి వారంలోనే పాజిటివ్ మోడ్‌లో (ప్లస్ చార్జ్ ఉన్న అయాన్లను చూసేటప్పుడు) బరువు 760.585 దగ్గర పెద్ద పీక్ కనిపిస్తుంది. దాన్ని విరగ్గొడితే 184.07 వస్తుంది. అంటే ఆ లిపిడ్ తల కోలిన్‌ది. తోకల (రెండు ఫ్యాటీ ఆసిడ్ల) గురించి ఆ స్పెక్ట్రమ్ పెద్దగా ఏమీ చెప్పదు. రెండింట్లో కలిపి 34 కార్బన్లు, ఒక డబుల్ బాండ్, అంతే. అప్పటికి పీసీ (ఫాస్ఫాటిడైల్‌కోలిన్) 34:1 అని రాసి ఊరుకో. తర్వాత ఫార్మేట్ కలిపిన సాల్వెంట్‌తో నెగెటివ్ మోడ్‌లో నడుపు. ఫార్మేట్ అంటుకున్న అదే లిపిడ్ 804.58 దగ్గర ఉంటుంది. దాన్ని విరగ్గొడితే రెండు తోకలూ 255.23, 281.25గా రాలాయా? అప్పుడు 16:0_18:1 అని రాయొచ్చు. మధ్యలో అండర్‌స్కోరే. గ్లిసరాల్ మీద ఏ తోక ఎక్కడుందో తేలాకే స్లాష్. డబుల్ బాండ్ తొమ్మిదో కార్బన్ దగ్గరుందా, పదకొండో దగ్గరుందా అన్నది ఇలా తేలదు. దానికి ఓజోనో, అసిటోన్ కలిపి యూవీ లైట్‌తో చేసే పాటెర్నో-బూకి చర్యో కావాలి. అవి లేకపోతే ఓలీయిక్ (తొమ్మిదో దగ్గర డబుల్ బాండ్ ఉన్న 18:1) అన్న మాటే ఎత్తకు.

ఇక 782. నా పరువు పోయింది ఇక్కడే. రోగుల శాంపిళ్లలో పీసీ 36:4 పెరిగిందని ఓ మీటింగ్‌లో గొప్పగా చూపించాను. వెనక వరసలోంచి టెక్నీషియన్ "సార్, సోడియం చూశారా?" అన్నాడు. 34:1కి ప్రోటాన్ బదులు సోడియం అంటుకుంటే 782.567. అసలైన 36:4 ప్రోటాన్‌తో 782.569. మా పాత మెషిన్‌కి ఆ రెండూ ఒకటే. వెళ్లి విరగ్గొట్టి చూస్తే 184 ఉందా లేదా అన్నట్టుంది. ట్రైమిథైలమిన్ పోగా మిగిలిన 723 మాత్రం నిక్కచ్చిగా నిలబడింది. అంటే అది సోడియం అంటుకున్న 34:1. తీరా ఆరా తీస్తే, ఆ శాంపిళ్లకి వాడిన బఫర్‌లో ఉప్పు ఎక్కువట! 782 కూడా 760తో పాటే కాలమ్ (లిపిడ్లను విడదీసే గొట్టం) దిగుతుంటే నువ్వూ అనుమానించు.

క్లోరోఫాం తగిలే చోట ప్లాస్టిక్ వద్దు. గాజు సీసా, టెఫ్లాన్ మూత. 338.34 దగ్గర కొత్త లిపిడ్ దొరికిందని సంబరపడేవాళ్లని చాలామందిని చూశాను. అది ప్లాస్టిక్‌లో కలిపే ఎరుకమైడ్. రోజూ ఒక ఖాళీ శాంపిల్ కూడా నడుపు.

నీ మొదటి 782 స్పెక్ట్రమ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. పేరు రాయకుండా పంపు, నేనేమంటానో చూద్దాం.

ఇట్లు,
పెద్దనాన్న