ప్రదర్శనకు పెడతామంటూ డబ్బు అడుగుతున్నారు, కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ పూర్తిచేసింది. కాలేజీలో చివరి ఏడాది పెట్టిన డిస్‌ప్లేకి మంచి పేరొచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ బొమ్మలు చూశామంటూ ఢిల్లీ నుంచి ఒక సంస్థవాళ్లు మెసేజ్ పెట్టారు. రెండు పెయింటింగ్స్ ప్రదర్శనలో పెడతారట, సర్టిఫికెట్, అవార్డు ఇస్తారట, రూ.18,000 కట్టమంటున్నారు. ఇది మంచి అవకాశమేనా? లేక ఇవన్నీ పక్కనపెట్టి బీఈడీ చేయించమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆ డబ్బు కట్టకండి. మీ అమ్మాయి పని మీద అనుమానంతో ఈ మాట చెప్పడం లేదు. డబ్బు కట్టిన ప్రతివారి బొమ్మా తగిలించే గోడ మీద ఎంత మంచి బొమ్మ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. గ్యాలరీలు నడిపేవాళ్లు, కొనేవాళ్లు అలాంటి చోట్లకు సాధారణంగా రారు. రేపు బయోడేటాలో ఆ పేరు రాసుకున్నా, ఈ రంగంలో ఉన్నవాళ్లు చూడగానే అదేమిటో పోల్చుకుంటారు. ఎంపిక ఎవరు చేస్తున్నారు, పోయినసారి ఎంతమందిని కాదన్నారు అని వాళ్లను అడిగి చూడండి. సూటిగా జవాబు రాకపోతే మీకే అర్థమైపోతుంది.

అద్దె తీసుకోవడమే తప్పని నేననడం లేదు. పేరున్న గ్యాలరీల్లోనూ హాలుకు అద్దె ఉంటుంది, అయితే ముందుగా పని చూసి ఒప్పుకుంటారు. చిన్న ఎంట్రీ ఫీజు తీసుకునే పోటీలూ ఉన్నాయి. వేలకు వేలు కట్టించుకుని, ఎవరినీ కాదనకుండా, అందరికీ అవార్డులు పంచేచోటే జాగ్రత్తపడాలి.

కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాళ్ల కోసమే పనిచేసే చోట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లోనే సృష్టి ఆర్ట్ గ్యాలరీ ‘ఎమర్జింగ్ ప్యాలెట్స్’ పేరుతో ఏళ్లుగా కొత్త గ్రాడ్యుయేట్ల పనులు ఎంపికచేసి చూపిస్తోంది. ముంబయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మాన్‌సూన్ షో కూడా ఇలాంటిదే. కేరళలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన కొచ్చి బినాలేకి అనుబంధంగా స్టూడెంట్స్ బినాలే జరుగుతుంది. అది చదువుకుంటున్నవాళ్లది కాబట్టి అమ్మాయి ఎంఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ)లో చేరితే పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ లలితకళా అకాడమీ పెట్టే జాతీయ ప్రదర్శన 1955 నుంచి నడుస్తోంది, పోటీ గట్టిగా ఉంటుంది. అయినా పంపాలి. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. చిత్రకళ కూడా అందులో ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నిబంధనలు చదివి దరఖాస్తు చేయించండి.

వీటిలో చాలావాటికి మొదట వెళ్లేది బొమ్మ కాదు, బొమ్మ ఫొటో. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నా దగ్గరకొచ్చే ఫైళ్లలో నాలుగేళ్ల కష్టం ట్యూబ్‌లైట్ కింద పచ్చగా మారిపోయి ఉంటుంది. ఫ్రేమ్ అద్దంలో ఫోన్ పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది, కాన్వాస్ ఒక పక్కకు సాగిపోయి ఉంటుంది. మనసు కష్టంగా ఉంటుంది చూస్తుంటే. అమ్మాయిని ఉదయంపూట వరండా నీడలో, ఎండ నేరుగా పడనిచోట బొమ్మను నిలబెట్టమనండి. ఫ్రేమ్, అద్దం తీసేయాలి. ఫోన్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, లెన్స్‌ను సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా పెట్టి, కాస్త దూరం నుంచి తీయాలి. ఒకటి పూర్తి బొమ్మ, ఒకటి కుంచె గీత తెలిసేంత దగ్గరగా, ఒకటి పక్కన మనిషి నిలబడి ఉండగా. మూడోది ఎందుకంటే, ఆరడుగుల కాన్వాస్ అయినా అరచేతిలో పట్టే కాగితం అయినా స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాయి.

ప్రతి ఫొటో కింద పేరు, మీడియం, ఎత్తు, వెడల్పు, ఏడాది ఉండాలి. ‘మిక్స్‌డ్ మీడియా’ అని వదిలేయకుండా ‘కాన్వాస్ మీద యాక్రిలిక్, బొగ్గు’ అని విడమరచి రాయాలి. మొత్తం 12 పనులు చాలు, అవీ ఒకే ఆలోచన చుట్టూ తిరిగేవి. ఫస్టియర్‌లో వేసిన కూజాలు, పండ్లు ఎంత బాగున్నా తీసేయాల్సిందే.

తన పని గురించి రాసే అరపేజీని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ‘ప్రకృతి నాకు స్ఫూర్తి, నా భావాలను రంగుల్లో చెబుతాను’ అని చాలామంది రాస్తారు, చదివినవాళ్లకు ఏమీ గుర్తుండదు. ఒక అమ్మాయి ఇలా రాసి తెచ్చింది: ‘మా అమ్మ బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించాక కింద పడే ముక్కల ఆకారాలే నా బొమ్మల్లో ఉన్నాయి.’ అంతే. చదివి మళ్లీ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లి చూశాను. మీ అమ్మాయి కూడా తనకు తెలిసిన చోటు గురించి తన మాటల్లోనే రాయాలి. ఏఐతో రాయించుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఆ రూ.18,000 మీ చేతిలో ఉంటే అమ్మాయిని నలుగురైదుగురు క్లాస్‌మేట్స్‌తో కలవమనండి. అందరూ తలా కొంత వేసుకుంటే నగరంలో చిన్న హాలు దొరుకుతుంది. 1988లో లండన్‌లో, తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కళాకారుడు డేమియన్ హర్‌స్ట్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో చదువుతూనే తోటి విద్యార్థులను కూడగట్టి, పాత ఓడరేవు ప్రాంతంలోని ఓ ఖాళీ భవనంలో ‘ఫ్రీజ్’ అనే ప్రదర్శన పెట్టాడు. బ్రిటిష్ కళారంగంలో తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది అందులో ఉన్నారు. మన దగ్గర శాంతినికేతన్ కళాభవన్ విద్యార్థులు ఏటా డిసెంబర్ మొదట్లో నందన్ మేళా పెట్టి క్యాలెండర్లు, ప్రింట్లు సొంతంగా అమ్ముతారు. పెద్ద కాన్వాస్ ఒక్కటే పెట్టుకుని కూర్చోకుండా, చిన్న ప్రింట్లు, డ్రాయింగులు తక్కువ ధరకు ఉంచితే మొదటి కొనుగోలుదారులు అక్కడే దొరుకుతారు. గ్యాలరీ ద్వారా అమ్మితే ధరలో మూడో వంతు నుంచి సగం దాకా వాళ్లు ఉంచుకోవడం మామూలే, దానికి కంగారుపడొద్దు. ఎంత, ఎప్పుడు ఇస్తారు, అమ్ముడుపోని బొమ్మ తిరిగి పంపే ఖర్చు ఎవరిది అన్నవి మాత్రం కాగితం మీద ఉండాలి.

ఇక బీఈడీ. మీ భయం నాకు అర్థమవుతుంది, మొదటి రెండు మూడేళ్లు బొమ్మల మీద ఇల్లు గడవడం కష్టం. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ప్రముఖ చిత్రకారుడు తోట వైకుంఠం గారు కూడా ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్ మీద బరోడా వెళ్లి, పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు, ఆర్ట్ టీచర్‌గానూ పనిచేశారు. టీచర్ ఉద్యోగం చేస్తే కళాకారిణి కాకుండా పోదు. ప్రైవేటు స్కూళ్లలో ఆర్ట్ టీచర్‌గా చేరడానికి చాలాచోట్ల బీఎఫ్‌ఏ సరిపోతుంది. కాబట్టి బీఈడీకి ఇప్పుడే తొందరపడక్కర్లేదు. ఈ ఏడాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్ ఎంఎఫ్‌ఏ ప్రవేశాలకు రాయించండి. పైన చెప్పిన ఫొటోలు, అరపేజీ అక్కడి పోర్ట్‌ఫోలియోకీ పనికొస్తాయి. సీటు వస్తే చేర్పించండి. రాకపోతే రోజులో ఒక పూట స్కూల్లో పనిచేయనివ్వండి, మిగతా పూట బొమ్మలు వేసుకోవడానికి ఇంట్లో ఒక గది ఆమెకు వదిలేయండి. ఆ గదిలోకి చుట్టాల సామాన్లు చేరకుండా చూసుకునే బాధ్యత మీది.