స్టార్ట్ చేయగానే ఇంజన్ రేజ్ అవుతోంది

ప్రశ్న: తొమ్మిదేళ్లనాటి నా పెట్రోలు కారుకు ఆటోమేటిక్ గేర్లున్నాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం ముల్లు 2000 దాటిపోయి, ఐదారు నిమిషాలకు గాని దిగదు. ఈమధ్య దారిలో పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా 1700 దగ్గరే నిలిచిపోతోంది. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజంగా అవసరమేనా?

జవాబు: మీరు రాసినవాటిలో పొద్దుటి సంగతికంటే దారిలో ఆపిన సంగతే నాకు ఎక్కువ పనికివచ్చింది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉంటుంది. పైగా పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితేగాని పొగను శుద్ధి చేయడం మొదలుపెట్టదు. అందుకే ఇంజన్ కంప్యూటర్ మొదట కావాలనే 1200–1500 ఆర్‌పీఎం దగ్గర నడిపి, వేడెక్కేకొద్దీ 700–900కు దించుతుంది. స్టార్టయిన క్షణంలో ముల్లు ఒక్కసారి పైకి లేచి వెంటనే దిగినా కంగారుపడనక్కర్లేదు. వేడి ఇంజన్ 1700 దగ్గర నిలిచిపోవడం మాత్రం మామూలు విషయం కాదు.

పెట్రోలు ఇంజన్ వేగం లోపలికి వెళ్లే గాలిని బట్టి ఉంటుంది. కాబట్టి అదనపు గాలి దొంగదారిన వస్తోందా, లేక ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని భ్రమపడి కంప్యూటరే ఎక్కువ గాలిని పంపుతోందా అన్నది ముందు తేలాలి. థ్రాటిల్ బాడీ సంగతి ఆ తర్వాత.

భ్రమ సంగతి తేల్చడం సులువు. రాత్రంతా నిలిపిన కారుకు పొద్దున్న స్టార్ట్ చేయకముందే ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలను చూపే స్కానర్ తగిలించి, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతను, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కనే చూడమనండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ అంకె మైనస్ 40 చూపిస్తే సెన్సర్ తీగ తెగిందనో, కనెక్టర్ ఊడిందనో అనుకోవచ్చు. ఆ తర్వాత పావుగంట నడిపినా ఆ అంకె 80 దాకా రాకపోతే కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. కూలెంట్ తగ్గి సెన్సర్ దగ్గర గాలి చేరినా అంకె తప్పుగానే వస్తుంది. అయితే మట్టం చూడటానికి మూత తీయవలసివస్తే ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయండి.

అంకెలన్నీ సరిగా ఉంటే నా అనుమానం రబ్బరు గొట్టాల మీదికే పోతుంది. తొమ్మిదేళ్లపాటు ఇంజన్ వేడికి గట్టిపడిన గొట్టం పైనుంచి చూస్తే నల్లగా బాగానే కనిపిస్తుంది. వేలు కిందికి పోనిచ్చి వంపు దగ్గర తడిమితేగాని పగులు తెలియదు. బ్రేకు తొక్కడాన్ని తేలికచేసే బ్రేక్ బూస్టరు గొట్టాన్నీ, ఇంజన్ ఆవిర్లను వెనక్కి పంపే పీసీవీ గొట్టాన్నీ ముందుగా చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కొక్క గొట్టాన్నీ గుడ్డ చుట్టిన పటకారుతో మొదట్లోనే నొక్కిపట్టినప్పుడు, దేన్ని నొక్కితే ముల్లు బాగా దిగుతుందో ఆ దారిలోనే లీకు ఉందన్నమాట. నొక్కేది రబ్బరునే, ప్లాస్టిక్ గొట్టాన్ని కాదు; ఫ్యాను, బెల్టులకు చేతులు దూరంగా ఉండాలి. లీకు కనిపెట్టడానికి వేడి ఇంజన్ మీద మండే క్లీనర్‌ను చల్లడం కొందరికి అలవాటు. నేనైతే ఒప్పుకోను, నిప్పంటుకునే ప్రమాదముంది. పొగను ఎక్కించి అది ఎక్కడ బయటికి వస్తుందో చూసే పరీక్ష ఎంతో నయం. స్కానర్‌లో పి0507 కోడు వస్తే ఐడిల్ వేగం (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని, దానితోపాటు పి0171 కూడా వస్తే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిందని అర్థం. రెండూ కలిసి వచ్చినప్పుడు లీకు అనుమానం బలపడుతుంది.

ఇవన్నీ దాటాక థ్రాటిల్ బాడీ. మసి పేరుకుంటే సాధారణంగా ఐడిల్ తగ్గి ఇంజన్ ఆగిపోతుంటుంది. అందులో గాలి దారిని తెరిచి మూసే ప్లేటు పూర్తిగా మూసుకోకుండా మసి అడ్డుపడితే మాత్రం రేజ్ అవుతుంది. అప్పుడు శుభ్రం చేస్తే చాలు, మార్చనక్కర్లేదు. యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉన్న బండి అయితే అది బిగుసుకుందేమో, ఐడిల్ గాలిని నియంత్రించే వాల్వు ఇరుక్కుందేమో కూడా చూడాలి. కాళ్లకింది మ్యాట్ పెడల్‌ను నొక్కుతోందేమో మాత్రం ఇప్పుడే వెళ్లి చూడండి.

మీది ఆటోమేటిక్ కాబట్టి మరమ్మతు అయ్యేదాకా, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ముల్లు కొంత దిగాకే గేరు వేయండి. 1700 దగ్గర ఉండగా వేస్తే బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది.

ప్రశ్న: నా కారుకు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించిన రోజునుంచే ఐడిల్ 1100 దగ్గర నిలుస్తోంది. పని పాడుచేశారా?

జవాబు: చాలావరకు కాదు. మసి గాలికి అడ్డుపడిన రోజుల్లో ప్లేటును కాస్త ఎక్కువ తెరవడం కంప్యూటర్ నేర్చుకుంది. ఇప్పుడు మసి పోయినా పాత లెక్కనే పాటిస్తోంది. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో, లేదా స్కానర్‌తో, ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కు ఐడిల్ లెక్కను మళ్లీ నేర్పడం) చేయిస్తే సర్దుకుంటుంది. అలా చేయించినా దిగకపోతే, శుభ్రం చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ప్లేటును వేలితో బలంగా నెట్టారేమో అడగండి. లోపలి చిన్న ప్లాస్టిక్ గేర్లు దెబ్బతినేది అలాగే. గొట్టాన్ని తిరిగి బిగించేటప్పుడు క్లిప్పు వదులుగా ఉండిపోయిందేమో కూడా చూడమనండి.