బాలి ముందా, ఆండమాన్ ముందా?

ప్రశ్న: మాది బరంపురం. మావారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. సొంత ఊరు సోంపేట అని ఆఫీసులో రాయించుకున్నారు. బేసిక్, డీఏ కలిపి నెలకు 66,000. ఏడాదికి అన్నీ కలిపి 9 లక్షలు వస్తాయి, కొత్త పన్ను విధానంలో ఉన్నారు. నేను ఇంటి దగ్గరే బరంపురం పట్టుచీరలు అమ్ముతాను. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. బ్యాంకు డిపాజిట్‌లో 2,10,000 ఉంది. దసరాకు 1,50,000 చీటీ డబ్బు వస్తుంది, పెళ్ళిళ్ళ కాలానికి చీరల సరుకు దానితోనే తెస్తాను. ఇంటి ఖర్చు నెలకు 42,000, మిగిలేది 15,000. పెళ్ళయి పదిహేనేళ్ళు అవుతున్న సందర్భంగా ఎక్కడికైనా ద్వీపానికి వెళ్దామనుకుంటున్నాం. పూర్వం ఓడల్లో బాలికి వెళ్ళిన ఒడిశా వర్తకుల గుర్తుగా కార్తీక పౌర్ణమినాడు అరటి డొప్ప పడవ వదిలినప్పటి నుంచి బాబు బాలి అంటున్నాడు. మావారు దసరాకు ఆండమాన్ అంటున్నారు. ఎల్టీసీలో (సెలవు ప్రయాణానికి ప్రభుత్వం ఛార్జీలు ఇచ్చే సౌకర్యం) నాలుగేళ్ళ పాత బ్లాకు మొత్తం వాడేశారు, 2026–29 బ్లాకులో ఇంకా ఏమీ వాడలేదు. ఏజెంటు నలుగురికి బాలి 2,84,000, ఆండమాన్ 1,46,000 అని చెప్పి, బాలికైతే 1,50,000 పర్సనల్ లోన్ తనే ఇప్పిస్తానని, ఈ వారంలో 40,000 అడ్వాన్సు కట్టమంటున్నారు. ఆయన ఇచ్చిన కాగితం జతచేశాను. ఏది మంచిది?

జవాబు: మీరు వివరాలన్నీ దాచకుండా రాశారు కాబట్టి నేనూ సూటిగా చెబుతాను. ఈసారికి ఆండమాన్ వెళ్ళండి. బాలికి 2029 వేసవిలో, అప్పు లేకుండా వెళ్ళండి. అడ్వాన్సు మాత్రం రెండింటిలో దేనికీ ఇప్పుడే కట్టకండి. ఆండమాన్ చవక కాబట్టి ఈ మాట అనడం లేదు. ఏజెంటు చెప్పిన రెండు ధరల్లో ఒక్కటి కూడా మీ చేతి నుంచి చివరకు పోయే మొత్తం కాదు, ఆ మొత్తాలను విడివిడిగా కట్టి చూస్తే రెండు ప్రయాణాల మధ్య తేడా ఆయన కాగితం మీద కనిపించే 1,38,000 కంటే చాలా ఎక్కువ అవుతుంది.

ముందుగా బాలి లెక్క చూద్దాం. ఇండోనేషియాలో దిగినప్పుడు తీసుకునే వీసాకు మనిషికి అక్కడి కరెన్సీలో 5 లక్షల రూపయా కట్టాలి. 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలి ప్రాంతీయ ప్రభుత్వం విదేశీ పర్యాటకుల నుంచి మనిషికి మరో లక్షా యాభై వేల రూపయా వసూలు చేస్తోంది. మన రూపాయికి సుమారు 185 రూపయా లెక్కన ఈ రెండూ కలిపి నలుగురికి దాదాపు 14,000 అవుతుంది. పాస్‌పోర్టులు కొత్తగా తీసుకోవాలి కాబట్టి పెద్దవాళ్ళకు 1,500 చొప్పున, పిల్లలకు 1,000 చొప్పున 5,000. ప్రయాణ బీమాకు సుమారు 4,000. విశాఖపట్నం దాకా రైలు, ప్యాకేజీలో లేని భోజనాలు, పిల్లలు అడిగేవి, కార్డు గీస్తే పడే విదేశీ మారకపు రుసుము కలిపి 30,000 అయినా వేసుకోకపోతే అక్కడ ప్రతి గంటా పర్సు చూసుకోవలసి వస్తుంది. ఇవన్నీ కలిపితే మొత్తం 3,37,000.

దీనిపై టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేవారు ముందుగానే వసూలు చేసే పన్ను, కూడా ఉంటుంది. విదేశీ టూర్ ప్యాకేజీలపై ఈ రేటును 2026 బడ్జెట్‌లో రెండు శాతానికి తగ్గించారు. మీ ప్యాకేజీపై అది 5,680 అవుతుంది. ఇది ఖర్చు కాదు, ఎవరి పాన్ మీద ప్యాకేజీ తీసుకుంటే వారి పన్ను ఖాతాలో జమ అవుతుంది, రిటర్ను వేసినప్పుడు తిరిగి వస్తుంది. అందుకే అలాంటి ప్యాకేజీ ఎప్పుడు తీసుకున్నా, మీరు రిటర్ను వేయని పక్షంలో మీ పాన్ ఇవ్వకుండా, ఏటా రిటర్ను వేసే మీవారి పాన్ ఇవ్వడం మంచిది.

ఇక ఆండమాన్. ఇక్కడ మీవారి ఉద్యోగం మీకు చేసే మేలు చిన్నది కాదు, దానిని మీ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సొంత ఊరికి వెళ్ళే ఎల్టీసీలలో ఒకదానిని ఆండమాన్ ప్రయాణానికి మార్చుకోవచ్చు. మామూలుగా విమానార్హత లేనివారు కూడా కోల్‌కతా, చెన్నై వంటి నిర్దేశిత విమానాశ్రయాల నుంచి ఎకానమీ తరగతిలో వెళ్ళవచ్చు, అక్కడి దాకా అర్హత ఉన్న తరగతిలో రైలు ఛార్జీ కూడా వస్తుంది. పని చేసే ఊరు, సొంత ఊరు ఒకటే అయినవారికి ఈ మార్పిడి లేదు. మీవారు సోంపేట రాయించుకోవడం వల్ల మీకు ఉంది. ఆలోచించి చూడండి: బరంపురం నుంచి సోంపేట వెళ్ళి రావడానికి నలుగురికి అయ్యే రైలు ఛార్జీ ఎంత, శ్రీవిజయపురం, అంటే మన పాత పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి రావడానికి అయ్యే విమాన ఛార్జీ ఎంత?

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఏజెంటు కాగితాన్ని శ్రద్ధగా చూశాను. అందులో విమానం, హోటళ్ళు, ఫెర్రీ, కారు అన్నీ ఒకే వరుసలో కలిపి 1,46,000 అని రాసి, అడుగున చిన్న అక్షరాలలో విమాన ఛార్జీ మనిషికి 13,500గా లెక్కించినట్టు ఉంది. ఆ 54,000 ప్రభుత్వం నుంచి తిరిగి రావలసిన సొమ్ము, కానీ ఆ కాగితం ప్రకారం కొంటే రాదు. విమాన ఛార్జీ విడిగా చూపని ప్యాకేజీ బిల్లుపై క్లెయిమ్ నిలవదు. పైగా ఎల్టీసీ విమాన టిక్కెట్లను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు గుర్తింపు పొందిన సంస్థల ద్వారానే కొనాలి. నా దగ్గరకు సలహాకు వచ్చే ఒక కుటుంబం నాలుగైదు వందలు తగ్గుతుందని వేరే చోట టిక్కెట్లు కొని, తిరిగి వచ్చాక మొత్తం విమాన ఛార్జీని వదులుకోవలసి వచ్చింది. ఆ బోర్డింగు పాసులన్నీ జాగ్రత్తగా పిన్ను చేసి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి ఏజెంటు దగ్గర హోటళ్ళు, ఫెర్రీ, కారు మాత్రమే తీసుకోండి.

ఎల్టీసీతో పాటు పది రోజుల ఆర్జిత సెలవును నగదుగా మార్చుకునే వీలు కూడా ఉంది. ఉద్యోగ కాలం మొత్తంలో ఇలా అరవై రోజుల దాకా మార్చుకోవచ్చు, అయితే ఆ తర్వాత ఖాతాలో కనీసం ముప్ఫై రోజుల సెలవు మిగలాలి. మీవారి బేసిక్, డీఏ కలిపి 66,000 ఉందని రాశారు, కాబట్టి పది రోజులకు 22,000 వస్తుంది. కొత్త పన్ను విధానంలో ఎల్టీసీకి పన్ను మినహాయింపు లేదు, సెలవు నగదుపై కూడా పన్ను ఉంటుంది. అయినా ఆ విధానంలో జీతం 12,75,000 దాకా పన్ను పడదు కాబట్టి, 9 లక్షల దగ్గర ఉన్న మీకు ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు మొత్తం చూడండి. ఏజెంటు చెప్పిన 1,46,000కు పై ఖర్చుల కింద 20,000 కలిపితే 1,66,000. అందులో విమాన ఛార్జీ 54,000 తిరిగి వస్తుంది, సెలవు నగదు 22,000 వస్తుంది. మీ పొదుపు నుంచి నిజంగా పోయేది 90,000. బాలికి పోయేది 3,37,000. తేడా దాదాపు రెండున్నర లక్షలు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఆండమాన్‌కు ఉన్న ఈ ప్రత్యేక వెసులుబాటు గడువు 2026 సెప్టెంబరు 25 దాకా ఉంది. దీనిని రెండేళ్ళకోసారి పొడిగిస్తూ వస్తున్నారు. అయినా పొడిగింపు ఉత్తర్వు మీవారి ఆఫీసుకు చేరాకే టిక్కెట్లు కొనండి. ఒకవేళ అది రాకపోతే 1,66,000లో చాలా భాగం మీ మీదే పడవచ్చు. అప్పుడు పొదుపు అంతకు చేరే దాకా ఆగి, 2027 డిసెంబరులో వెళ్ళండి.

ఎప్పుడు వెళ్ళాలన్న విషయంలో మీవారు దసరా అన్నారని రాశారు, అది మాత్రం నాకు నచ్చలేదు. బరంపురంలో ఉన్నవాళ్ళకు అక్టోబరు తుపాను గురించి వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ ముందుగా ఆండమాన్ సముద్రం మీదుగానే వచ్చింది. సముద్రం బాగోలేకపోతే శ్రీవిజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అంటే హావ్‌లాక్‌కు, వెళ్ళే ఫెర్రీలు ఆగిపోతాయి, మీరు కట్టిన హోటలు గది అవతలి ఒడ్డున ఖాళీగా ఉంటుంది. వేసవి సెలవులు కూడా కుదరవు, మే నెల మూడో వారానికే అక్కడ నైరుతి వానలు మొదలవుతాయి. జనవరి మంచిది. 2027లో జనవరి 23 శనివారం, మన ఒడిశా బడులకు నేతాజీ జయంతి సెలవు. 24 ఆదివారం, 26 గణతంత్ర దినం. 21 గురువారం బయలుదేరి 26న తిరిగి వచ్చేలా పెట్టుకుంటే పిల్లలకు మూడు రోజుల బడి మాత్రమే పోతుంది. కటక్‌లో పుట్టిన నేతాజీ 1943 డిసెంబరు 30న జెండా ఎగరేసిన ఊళ్ళో ఆయన పుట్టినరోజున ఉండడం మీ పాపకు గుర్తుండిపోయే విషయం అవుతుందని నా నమ్మకం. ఉద్దానం నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి భాష ఇబ్బంది కూడా ఉండదు. స్వరాజ్ ద్వీప్‌లో ఏటీఎంలు తక్కువ, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది మిగిలింది. డిపాజిట్‌లోని 2,10,000ను ముట్టుకోవద్దు. నెలకు 42,000 ఖర్చుతో చూస్తే అది సరిగ్గా ఐదు నెలల ఇంటి ఖర్చు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదొక్కటే. చీటీ డబ్బునూ ముట్టుకోవద్దు. దసరా తర్వాత పెళ్ళిళ్ళ కాలానికి చీరల సరుకు ఆ డబ్బుతోనే తెస్తానని మీరే రాశారు, అంటే అది మీ వ్యాపారానికి పెట్టుబడి. దానిని సెలవులకు ఖర్చు చేస్తే నేతగాళ్ళ దగ్గర సరుకు అరువుకు తెచ్చుకోవలసి వస్తుంది, ఆ అరువు ధర చీర మీద మీకు మిగిలేదాన్ని తినేస్తుంది. నెలకు మిగిలే 15,000లో 13,000 2026 జూలై నుంచి విడిగా ఒక ఖాతాలో వేస్తే, జనవరికి ఏడు నెలల్లో 91,000 అవుతుంది. విమాన టిక్కెట్ల కోసం మీవారు ఆఫీసులో 90 శాతం దాకా అడ్వాన్సు తీసుకోవచ్చు. తీసుకున్న పది రోజుల్లో టిక్కెట్లు చూపించాలి, తిరిగి వచ్చిన నెల లోపు క్లెయిమ్ పెట్టాలి.

ఏజెంటు ఇప్పిస్తానన్న లోన్ విషయం కూడా చెప్పాలి. లక్షా యాభై వేలకు 14 శాతం వడ్డీతో రెండేళ్ళ పాటు నెలకు సుమారు 7,200 కట్టాలి. వడ్డీ కిందే దాదాపు 22,800 పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. వారం రోజుల సెలవుకు ఇరవై నాలుగు నెలల వాయిదాలు కట్టడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా కనిపించడం లేదు.

బాబుకు మాత్రం బాలి లేదని చెప్పకండి. ఆండమాన్ నుంచి వచ్చిన తర్వాత, 2027 ఫిబ్రవరి నుంచి 2029 ఏప్రిల్ దాకా అదే 13,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఇరవై ఏడు నెలల్లో దాదాపు 3,77,000 అవుతుంది. ధరలు ఏటా నాలుగు శాతం చొప్పున పెరిగినా ఈ ప్రయాణానికి అది సరిపోతుంది. అప్పటికి పాప పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాలిలో వానలు తక్కువ కాబట్టి మన వేసవి సెలవులు అక్కడికి సరిగ్గా సరిపోతాయి కూడా. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్ళే కాబట్టి ఇప్పుడు తీసుకోకుండా 2028 చివర్లో తీసుకోండి, అప్పుడే మీవారు విదేశీ ప్రయాణానికి ఆఫీసు అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ అద్దె స్కూటరు తీసుకోవాలనుకుంటే ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలి, అది లేకుండా ప్రమాదం జరిగితే ప్రయాణ బీమా సొమ్ము అందదు.

ఈ వారం మీరు చేయవలసింది రెండే పనులు. బాబును వెంట తీసుకెళ్ళి, తన ఎదుటే మొదటి 13,000 కట్టి ఆ ఖాతా తెరవండి. ఏజెంటుకు 40,000 బదులు ఒక కాగితం ఇవ్వండి: విమానం తీసివేసి, హోటళ్ళకు ఎంత, ఫెర్రీకి ఎంత, కారుకు ఎంత, ఫెర్రీ రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి విడివిడి వరుసలలో రాసి సంతకం చేసి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే ఇంకో ఏజెంటును చూసుకోండి, జనవరికి ఇంకా సమయం ఉంది.