ఆ మెయిల్ పంపేముందు ఇది చదువు, బుజ్జీ

బుజ్జీ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. "ఇంక నావల్ల కాదు పెద్దమ్మా, రాజీనామా రాసి పెట్టుకున్నాను, రేపు పంపేస్తా" అన్నావు. ఒక్క వారం ఆగమని మాత్రం అడిగాను. ఎందుకు ఆగమన్నానో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేననిపించి రాస్తున్నాను. బాబు పడుకున్నాక తీరిగ్గా చదువు.

'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాశావు కదా. 2003లో నేనూ అవే మాటలు రాశాను. తర్వాత మేనేజర్‌నయ్యాక, అవే మాటలున్న మెయిల్స్ ఎన్ని చూశానో లెక్కలేదు. వాటిని పంపిన అమ్మాయిల్లో పని చేతకానివాళ్లు ఒక్కరూ నాకు గుర్తు రావట్లేదు. పిల్లల కోసం మానేశారని ఆఫీసులో అనుకున్నారు, ఇంట్లోనూ అదే అనుకున్నారు. వాళ్లతో కూర్చుని మాట్లాడినదాన్ని కాబట్టి చెప్తున్నాను, చాలామంది మానేసింది పిల్లల వల్ల కాదు. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చేసరికి తమ పని తమకి లేకుండా పోయింది, అందుకు.

నీకు జరుగుతున్నదీ అదే. సెలవుకి వెళ్లేముందు పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం నీ చేతిలో ఉండేది. అర్ధరాత్రి కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో ఏదైనా ఆగిపోతే నీకే ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడేమో డాక్యుమెంట్లు సరిచెయ్యడం, ఎవరో రాసిన టెస్ట్ కేసులు చూడడం. "నీకెందుకు ఇబ్బంది, కొన్నాళ్లు తేలిక పని చెయ్యి" అన్నారట మీ మేనేజర్. ఆయన చెడ్డవాడు కాకపోవచ్చు. ఆ మాట నేనూ అన్నాను బుజ్జీ. 2012లో నా టీమ్‌లో ఒక అమ్మాయి ప్రసూతి సెలవు నుంచి వస్తే, పాపం పసిబిడ్డ తల్లి కదా అని క్లయింట్ పని తీసి వేరేవాళ్లకి ఇచ్చేశాను. నీకేం కావాలి అని తనని ఒక్క మాట అడగలేదు. మంచి చేశాననే అనుకున్నాను. ఏడాది తిరక్కుండా మానేసింది. వెళ్లేరోజు నా దగ్గరికొచ్చి, "నేను చెయ్యడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు మేడమ్" అంది. ఆ తర్వాత సెలవు నుంచి వచ్చిన ఏ అమ్మాయినీ అడక్కుండా నేను పని మార్చలేదు. కానీ ఆ పిల్లకి చేసిన నష్టం మాత్రం పూడ్చలేకపోయాను.

ఏడాది పనికి రేటింగులు ఎలా వేస్తారో, ఆ గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి తెలుసు. ఒక్కో మేనేజర్ తన వాళ్ల గురించి రెండు మూడు మాటలు చెప్పాలి. ఫలానా రిలీజ్ ఈ అమ్మాయే గట్టెక్కించింది, ఫలానా క్లయింట్ ఈ అబ్బాయినే కావాలన్నాడు, ఇలా. తేలిక పని చేసినవాళ్ల పేరు వచ్చినప్పుడు ఎవరి దగ్గరా మాట ఉండదు. సగటు రేటింగ్ వేసి తర్వాతి పేరుకి వెళ్లిపోతారు. ఆ ఏడు హైక్ తగ్గుతుంది, మరుసటేడు ప్రమోషన్ జారిపోతుంది. అప్పుడు ఇంట్లో లెక్కలు మొదలవుతాయి, వచ్చే జీతంలో సగం డేకేర్‌కే పోతుంటే ఈ తిప్పలెందుకని.

అందుకని ముందు నీ పని నువ్వు అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు. ఏదైనా పెద్ద పని ఉంటే చెప్పండి అని నీళ్లు నములుతూ కాదు. "వచ్చే రిలీజ్‌లో రీఫండ్స్ భాగం నాకివ్వండి, ఫలానా తేదీకి పూర్తి చేస్తాను" అని పని పేరు పెట్టి అడుగు. మాట్లాడిన సాయంత్రమే, అనుకున్నవి నాలుగు లైన్లలో మెయిల్ పెట్టు. ఇది గొడవకి కాదు. రేపు ఆయన వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోతే కొత్తగా వచ్చినవాళ్లకి ఆ సంగతి తెలియాలి. మాట్లాడేటప్పుడు ఏడుపొస్తుందని భయమన్నావు. వస్తే రానీ. మంచినీళ్లు తాగి మళ్లీ అడుగు.

అమెరికా క్లయింట్‌తో రాత్రి 9:30 కాల్ సంగతి కూడా అప్పుడే మాట్లాడు. ఆ టైమ్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మీలో ఎవరికీ తెలీదన్నావు. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వాళ్లు ఆఫీసుకొచ్చే వేళే అది. మా ప్రాజెక్టులో ఏళ్ల తరబడి రాత్రి పది దాకా కూర్చున్నాం. ఒకసారి నేను అడిగితే క్లయింట్ ఆ వారమే మార్చేశాడు. మార్చాక బాగుందన్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. బాబుకి పాలిచ్చి నిద్రపుచ్చే వేళకి నువ్వు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవాల్సిన అవసరం లేదు.

చట్టంలో ఏముందో కూడా తెలుసుకో. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలైన సంగతి అందరికీ తెలుసు. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చనీ కూడా అందులోనే పెట్టారు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలని అంతకుముందు నుంచే ఉంది. మీ ఆఫీసులో వేల మంది ఉన్నారు. క్రెష్ ఎక్కడుందని హెచ్ఆర్‌కి రాసి అడుగు, నోటితో అడిగి ఊరుకోకు.

ఇక ఇంటి సంగతి. డేకేర్ ఫీజు నీ జీతంలోంచి తీసేసి, మిగిలింది ఇంతే అంటున్నావు. నీ ఒక్కదాని జీతంలోంచే ఎందుకు? బాబు ఇద్దరి బిడ్డ. ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి తీసి చూడు, లెక్క మారిపోతుంది. ఇంకోటి, డేకేర్‌లో మొదటి ఫోన్ నంబర్‌గా అల్లుడిది ఇవ్వు, రెండోది నీది. బాబుకి జ్వరం వచ్చిన ప్రతిసారీ మీటింగ్‌లోంచి లేచేది నువ్వే అయితే, ఆర్నెల్లలో నీకు ముఖ్యమైన పని ఇవ్వడానికి జంకుతారు. అల్లుడు మంచివాడే, అడిగితే కాదనడు. నువ్వు అడగట్లేదు.

నేను మానేసినప్పుడు ఇవేవీ చెప్పేవాళ్లు లేరు. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం తేదీల చిక్కుని సరిచేసే వై2కె పనులు జోరుగా ఉన్నప్పుడు 1998లో చేరాను. 2008లో మళ్లీ మొదలుపెట్టేసరికి అందరూ జావా అంటున్నారు, నేను పని నేర్పిన కుర్రాడి కింద చేరాను. ఆ నాలుగైదేళ్లు పాపతో గడిపినందుకు నాకు బాధ లేదు, వదులుకోనక్కర్లేనిది వదులుకున్నానని బాధ. నాతోపాటు నేర్చుకున్న స్నేహితురాలిది ఇంకో కథ. పెళ్లై, అక్కడ ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్లడానికిచ్చే హెచ్4 వీసాతో అమెరికా వెళ్లింది, పనిచెయ్యడానికి వీల్లేదు. ఆ వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి 2015లో గానీ రాలేదు. మా అందరిలోకీ చురుకైన పిల్ల అది. దానికి నీలా ఎంచుకునే వీలే దొరకలేదు.

ఇదంతా చేసి చూశాక కూడా మానెయ్యాలనిపిస్తే మానెయ్యి. నిన్నెవరూ ఏమీ అనకుండా చూసుకునే పూచీ నాది. అప్పుడు మాత్రం 'వ్యక్తిగత కారణాలు' అని రాయకు. నా పని నాకు తిరిగి ఇవ్వలేదు, అడిగినా ఇవ్వలేదు అని మర్యాదగానే, ఉన్నది ఉన్నట్టు రాయి. రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16 అన్నీ జాగ్రత్త చేసుకో. పీఎఫ్ తియ్యకు. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి, నీకు ఆరేళ్లైంది, మళ్లీ చేరినప్పుడు ఆ ఆరూ కలిసొస్తాయి.

శుక్రవారం రాత్రి కాచిగూడలో రైలెక్కుతున్నాను, శనివారం పొద్దున్నకి బెంగళూరులో ఉంటాను. రెండు వారాలు ఉంటా. సోమవారం బాబుని నేను చూసుకుంటాను, నువ్వు మీ మేనేజర్ దగ్గర గంటసేపు టైమ్ తీసుకో. ఏం అడగాలో ఆదివారం ఇద్దరం కూర్చుని రాసుకుందాం. ఈలోపు ఆ మెయిల్ డ్రాఫ్ట్స్‌లోనే ఉండనీ.

ప్రేమతో,
నీ పెద్దమ్మ